టేబుల్ పెంచినా ఘాట్ ఎక్కని లారీ: ఒక రైల్ ప్రెషర్ కేసు మొత్తం వివరంగా

మన వైపు కామన్ రైల్ లారీకి (రైల్ అనే ఒకే హైప్రెషర్ గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ అందే రకం) పికప్ తగ్గిందంటే చాలు, ఎవరో ఒకరు లాప్‌టాప్ తగిలించి రైల్ ప్రెషర్ టేబుల్ పెంచేస్తున్నారు. పెంచాక పీ 0087 కోడ్ (రైల్ ప్రెషర్ తక్కువ అని) వస్తే "పంప్ పోయింది, మార్చాలి" అని చెప్పేస్తున్నారు. ఓనర్‌కి హైప్రెషర్ పంప్ అంటే చిన్న ఖర్చు కాదు, ఫైనాన్స్ కిస్తీలు కట్టుకుంటూ నడిపే బండికి అది నెలల సంపాదన. ఈ కేసులో పంప్ బాగానే ఉంది, ఇంజెక్టర్లు బాగానే ఉన్నాయి, అయినా బండి మూడు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది, వచ్చేసరికి అసలు జబ్బు మీద ఇంకో రెండు జబ్బులు పేరుకుని ఉన్నాయి. ఒక్కోటీ ఎలా విడదీశానో, ప్రతి చోటా ఎందుకు ఆ దారే పట్టానో రాస్తున్నాను. ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళకి పనికొస్తుంది.

బండి వివరాలు

పన్నెండు చక్రాల లారీ, బీఎస్4, ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్, ఫ్యాక్టరీ లెక్కలో రైల్ గరిష్ఠం 1600 బార్ (ప్రెషర్ కొలత). కంపెనీ పేరు, నంబరు, ఓనర్ ఊరు రాయట్లేదు, కేసుకి అవసరం కూడా లేదు. పని మాత్రం చెప్పాలి. విజయనగరం వైపు నుంచి సిమెంటో బియ్యమో వేసుకుని రామభద్రపురం, సాలూరు మీదుగా పి.కోనవలస ఘాట్ ఎక్కి సుంకి దాటి కోరాపుట్ వైపు వెళ్తుంది. 26వ నంబరు జాతీయ రహదారి, పాత డ్రైవర్లు ఇప్పటికీ 43 అనే అంటారు. సాలూరు వరకు దాదాపు చదునే, ఆ తర్వాత ఫుల్ లోడ్‌తో వదలకుండా ఎక్కుడే. ఈ రూట్ ఎందుకు ముఖ్యమంటే, ఫ్యూయల్ సిస్టమ్‌లో సన్నటి లోపం చదును రోడ్డు మీద ఏళ్ళ తరబడి దాక్కోగలదు, ఘాట్ మీద మాత్రం దాక్కోలేదు.

కంప్లైంట్

ఓనర్ చెప్పింది: మొదట్లో ఘాట్ మీద పికప్ తగ్గింది. వేరే చోట డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చారు, తగ్గలేదు. స్కానర్ పెడితే రైల్ ప్రెషర్ తక్కువ అనే కోడ్, పీ 0087 వచ్చింది, రైల్ ప్రెషర్ సెన్సర్ మార్చారు, తగ్గలేదు. ఇంకొకరు "ఫైల్ మార్చేస్తే అదిరిపోతాది" అని రీమ్యాప్ చేసేశారు, అంటే ఇంజన్ కంప్యూటర్ ఫైల్‌లో అంకెలు మార్చేశారు. చదును మీద ఒక వారం బ్రహ్మాండంగా లాగింది, ఘాట్ ఎక్కగానే ఇదివరకటి కంటే ముందే చెక్ ల్యాంప్ వెలిగి బండి లింప్ మోడ్‌లోకి (ఇంజన్ తనంతట తనే పవర్ తగ్గించుకోవడం) పోవడం మొదలెట్టింది. అప్పుడు పంప్ మార్చమన్నారు. ఆ పంప్ రేటు విన్నాక నా దగ్గరికి తెచ్చారు.

ఓనర్ మాట కంటే డ్రైవర్ మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. ఆయన పెద్దాయన, ఆ ఘాట్ మీద ఎన్నో ఏళ్ళుగా నడుపుతున్నాడు. "ఎలాగుంటాదన్నా, ఒక్కసారి పోతాదా, కొంచెం కొంచెం పోతాదా" అని అడిగితే, "ఒక్కసారి కాదు బాబూ, ఎవడో గొంతు నొక్కీసినట్టు మెల్లిగా పోతాది. పక్కకి తీసి ఇంజన్ ఆపీసి, ఒక టీ తాగి ఎక్కితే మళ్ళీ ఏటీ జరగనట్టే లాగతాది, ఓ మూణ్ణాలుగు కిలోమీటర్లు పోయాక మళ్ళీ అదే" అన్నాడు. ఇంకో ప్రశ్న కూడా అడిగాను, పొద్దున్న స్టార్టింగ్ ఎలా ఉంటది అని. "సగం సెల్ఫ్‌కే అందుకుంటాది" అన్నాడు. ఈ రెండు జవాబుల్లోనే సగం కేసు ఉంది, అది ముందుముందు చెప్తా.

టేబుల్ గురించి కొంచెం

రైల్ ప్రెషర్ టేబుల్ అంటే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) లోపల ఉండే పట్టిక. ఒక వైపు ఆర్పీఎమ్, ఇంకో వైపు ఒక్కో స్ట్రోక్‌కి ఎన్ని మిల్లీగ్రాముల డీజిల్ కొట్టాలి అనేది, ఆ రెండూ కలిసే గడిలో "ఇప్పుడు రైల్‌లో ఇంత ప్రెషర్ కావాలి" అన్న అంకె. దాని మీద కూలెంట్ వేడికి, గాలి వేడికి, ఎత్తుకి కరెక్షన్లు, పైన ఒక గరిష్ఠ హద్దు. కావలసిన అంకె దొరికాక ఈసీయూ హైప్రెషర్ పంప్ మీదున్న మీటరింగ్ యూనిట్‌ని తెరిచి మూసి పంప్‌లోకి పోయే డీజిల్‌ని తగ్గించి పెంచుతుంది, రైల్ సెన్సర్ చూపించే ప్రెషర్ చూసుకుంటూ సరిచేసుకుంటుంది. అంటే టేబుల్‌లో ఉన్నది కోరిక మాత్రమే. అంకె పెంచినంత మాత్రాన రైల్‌లోకి ఒక్క చుక్క ఎక్కువ రాదు, పంప్ ఇవ్వగలగాలి, పంప్‌కి ముందు ట్యాంక్ ఇవ్వగలగాలి.

అందుకే ఎవరైనా "టేబుల్ ట్రబుల్" అని బండి తెస్తే నేను ముందు తేల్చుకునేది ఒకటే, ఈసీయూ అడగరానిది అడుగుతోందా లేక న్యాయంగా అడిగింది కూడా కింద నుంచి రావట్లేదా. ఇది తేలకుండా ఒక్క గడి కూడా ముట్టుకోకూడదు.

మొదటి లాగ్, అందులో మూడో గీత

చాలామంది స్కానర్‌లో రెండు గీతలే పెట్టుకుంటారు, అడిగిన ప్రెషర్, ఉన్న ప్రెషర్. రెండింటి మధ్య ఎడం కనిపిస్తే పంప్ అనేస్తారు. మూడో గీత కచ్చితంగా పెట్టుకోవాలి, మీటరింగ్ యూనిట్‌కి ఈసీయూ ఇస్తున్న కరెంట్. ఈ బండిలో ఉన్న రకానికి కరెంట్ లేకపోతే వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ఉంటది, కరెంట్ పెరిగేకొద్దీ మూసుకుంటది (రివర్స్‌లో పనిచేసే రకాలు కూడా ఉన్నాయి, మీ బండిలో ఏదో ముందు చూసుకోండి). ప్రెషర్ పడిపోతున్నప్పుడు ఈసీయూ వాల్వ్‌ని పూర్తిగా తెరిచేసి, ఇక తెరవడానికేమీ మిగలక కూర్చుంటే లోపం డీజిల్ రాకలోనో లీక్‌లోనో ఉన్నట్టు. ప్రెషర్ తక్కువగా ఉన్నా ఈసీయూ ఇంకా వాల్వ్‌ని సగం మూసే పట్టుకుని ఉంటే అప్పుడు కంట్రోల్ వైపు, అంటే వాల్వ్ ఇరుక్కోవడం, వైరింగ్, టేబుల్, సెన్సర్ వైపు చూడాలి. ఇంకో మాట, స్కానర్‌లో ఇరవై పారామీటర్లు ఎంచుకుంటే ఒక్కోటీ సెకనుకి ఒకసారి కూడా అప్‌డేట్ అవ్వదు, ప్రెషర్ ఊగిసలాట అసలు కనపడదు. నేను ఆర్పీఎమ్, క్వాంటిటీ, అడిగిన ప్రెషర్, ఉన్న ప్రెషర్, మీటరింగ్ కరెంట్, ఈ అయిదే ఉంచుతా.

రీమ్యాప్ ఫైల్‌తోనే, లోడ్ ఉన్నప్పుడే ఘాట్ మీద లాగ్ తీశాం. రెండు వేర్వేరు బొమ్మలు కనిపించాయి.

ఒకటి చదును మీద. రామభద్రపురం దగ్గర సగం లోడ్ యాక్సిలేటర్‌తో 1200, 1400 ఆర్పీఎమ్ మధ్య పోతుంటే అడిగిన ప్రెషరే మెట్లు మెట్లుగా ఎగిరి పడుతోంది, ఉన్న ప్రెషర్ దాని వెనకాల పరిగెత్తి దాటిపోయి మళ్ళీ వెనక్కి వస్తోంది, మీటరింగ్ కరెంట్ దాంతోపాటు ఊగుతోంది. ఇది అడగడంలో ఉన్న తప్పు.

రెండోది ఘాట్ మీద. అడిగిన ప్రెషర్ స్థిరంగా 1750 దగ్గర నిలబడింది, ఉన్నది కొంచెం కొంచెంగా కిందికి జారుతోంది, కరెంట్ అడుక్కి పోయి అక్కడే అతుక్కుపోయింది. అంటే వాల్వ్ బార్లా తెరిచి ఉంది, అయినా డీజిల్ చాలట్లేదు. ఇది రావడంలో ఉన్న తప్పు.

రెండూ ఒకే బండిలో ఉండడం వల్లే అందరూ తికమక పడ్డారు, ఒకటి పట్టుకున్నవాడికి ఇంకోటి అడ్డం వస్తుంది. అందుకని ముందు టేబుల్‌ని లెక్కలోంచి తీసేయాలనుకున్నా.

స్టాక్ ఫైల్ వేస్తే ఏమైంది

రీమ్యాప్ చేసినాయన దగ్గర పాత ఫైల్, అంటే స్టాక్ (ఫ్యాక్టరీ) ఫైల్, ఉంది, తెప్పించుకుని సాఫ్ట్‌వేర్ నంబరు ఈసీయూ స్టిక్కర్‌తో, స్కానర్ చూపించే నంబరుతో కలిపి చూసి అప్పుడు ఎక్కించాం. ఆ కలిపి చూడడం వదిలెయ్యకండి, ఒకే ఇంజన్‌కి వేర్వేరు సాఫ్ట్‌వేర్ వెర్షన్లలో టేబుల్ ఉండే చోటు మారిపోతుంది, వేరే బండి ఫైల్ స్టాక్ అనుకుని వేస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

ఎక్కించేముందు రెండు ఫైళ్ళనీ పక్కపక్కన పెట్టి తేడా చూశాను. రీమ్యాప్‌లో టేబుల్ పై సగాన్ని మొత్తం ఒకే శాతంతో గుణించేసి ఉన్నారు. గుణించిన గడులకీ గుణించని గడులకీ మధ్య సరిహద్దు సరిగ్గా 1200, 1400 మధ్య పడింది. పక్కపక్క గడుల్లో ఒకదాంట్లో 1180, ఇంకోదాంట్లో 1420. యాక్సిలేటర్ కొంచెం కదిలినా కోరిక 240 బార్ దూకుతోంది, చదును మీద ఊగిసలాట అదే. అతుకు దగ్గర నునుపు చెయ్యకుండా వదిలేసిన టేబుల్ ఎప్పుడూ ఇలాగే చేస్తది.

ఇంకోటి, పై మూలలో 1750 పెట్టారు. ఈ ఈసీయూలో సెన్సర్ లెక్క 1800 వరకే. అంటే గేర్ మార్చినప్పుడు ప్రెషర్ కాస్త ఎగిరితే సెన్సర్ హద్దు తగులుతుంది, 50 బార్ ఖాళీ ఏ మూలకీ చాలదు. దీనికి తోడు ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో చెప్పే డ్యూరేషన్ టేబుల్‌ని ముట్టుకోలేదు. "ప్రెషర్ పెరిగితే ఈసీయూయే టైమ్ తగ్గించుకుంటది కదా" అంటారు, నిజమే, కానీ ఆ టేబుల్ ప్రెషర్ వరస ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకానే. ఇందులో చివరి కాలమ్ 1600. ఆ పైన ఎంత ప్రెషర్ ఉన్నా 1600కి రాసిన టైమే వాడుతుంది. డీజిల్ పరిమాణం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1750 దగ్గర అడిగినదానికంటే దాదాపు నాలుగున్నర శాతం ఎక్కువ పడుతుంది, అది ఈసీయూ లెక్కలోకే రాదు. చదును మీద "బ్రహ్మాండంగా లాగడం"లో కొంత భాగం ఇదే, పొగ కూడా ఇదే.

స్టాక్ ఫైల్ వేశాక చదును మీద ఊగిసలాట పూర్తిగా పోయింది. ఘాట్ మీద మాత్రం కోడ్ రావడం ఆలస్యమైంది తప్ప ఆగలేదు. అడిగింది 1600, ఉన్నది జారుతూ జారుతూ 1300 కిందికి, కరెంట్ అడుగునే. కాబట్టి అసలు జబ్బు రీమ్యాప్‌కి ముందు నుంచే ఉంది, పికప్ తగ్గడం మొదలైంది దానివల్లే, రీమ్యాప్ దాన్ని ఇంకా ముందుగా బయటపెట్టిందంతే. ఇక్కడితో ఫైల్ పక్కన పెట్టి ఇనుము వైపు వెళ్ళాం.

లీకా, రాకా

వాల్వ్ బార్లా తెరిచి ఉన్నా ప్రెషర్ రాకపోతే కారణాలు రెండు గుంపులు. పంప్ నొక్కిన డీజిల్ ఎటో కారిపోవడం, అంటే ఇంజెక్టర్ల బ్యాక్ లీక్ (ఇంజెక్టర్ లోంచి రిటర్న్ పైప్‌లోకి డీజిల్ పోవడం), లిమిటింగ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే వదిలేసేది) కారడం, పంప్ లోపల అరుగుదల. లేదా పంప్ దాకా డీజిలే సరిగా రాకపోవడం. పై మెకానిక్‌లు మొదటి గుంపు అనుకున్నారు, వాళ్ళ వాదన కూడా తీసిపారేసేది కాదు. ఘాట్ ఎక్కేకొద్దీ డీజిల్ వేడెక్కి పల్చబడుతుంది, పల్చబడితే లీక్ పెరుగుతుంది, ఆపి టీ తాగితే చల్లారుతుంది, మళ్ళీ లాగుతుంది. డ్రైవర్ చెప్పినదానికి పైపైన సరిగ్గా సరిపోతుంది.

నాకు మూడు చోట్ల కుదరలేదు. ఒకటి స్టార్టింగ్. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ తిరిగే వేగం చాలా తక్కువ, పంప్ ఇచ్చే డీజిల్ చాలా తక్కువ, లీక్ ఉంటే అక్కడే ముందు దొరికిపోతుంది, వేడి ఇంజన్ మీదైతే మరీ. ఈ బండి వేడి మీద కూడా సగం సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. రెండు, ఆర్పీఎమ్‌తో లోటు మారే తీరు. లీక్ అనేది చాలావరకు టైమ్‌ని బట్టి పోయేది, పంప్ ఇచ్చేది ఆర్పీఎమ్‌ని బట్టి పెరిగేది, కాబట్టి లీక్ ఉన్న బండి తక్కువ ఆర్పీఎమ్‌లో ఎక్కువ ఇబ్బంది పడి, ఆర్పీఎమ్ పెంచితే కోలుకోవాలి. ఇక్కడ తలకిందులు, ఫుల్ లోడ్ 1200 దగ్గర లోటు కొంచెమే, గేర్ దించి 1900కి తీసుకెళ్తే లోటు ఇంకా పెరుగుతోంది. ఎక్కువ వేగంగా పీలుస్తుంటే ఎక్కువ లోటు వస్తోందంటే పీల్చే దారిలో అడ్డం ఉన్నట్టు. మూడు, కోలుకునే టైమ్. ఘాట్ మీద పక్కకి తీయించి, టీ సంగతి వదిలేసి మూడు నిమిషాలే ఆపించాను. అంత పెద్ద ఇంజన్, అంత డీజిల్ మూడు నిమిషాల్లో చల్లారదు, స్కానర్‌లో ఫ్యూయల్ టెంపరేచర్ కూడా దాదాపు అలాగే ఉంది. స్టార్ట్ చేస్తే ప్రెషర్ పూర్తిగా వచ్చేసింది. వేడి కాదన్నది అక్కడ తేలిపోయింది.

అయినా బ్యాక్ లీక్ టెస్ట్ చేశాను, ఎందుకంటే ఓనర్‌కి "పంప్, ఇంజెక్టర్లు బాగున్నాయి" అని చెప్పాలంటే కొలిచి చెప్పాలి. ఆరు ఇంజెక్టర్లకీ బాటిళ్ళు కట్టి వేడి మీద చూస్తే ఆరూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి, మాన్యువల్ హద్దు లోపలే. ఒక జాగ్రత్త ఇక్కడ తప్పకుండా చెప్పాలి: ఇంజన్ నడుస్తుండగా హైప్రెషర్ పైప్ నట్టు వదులు చేసి చూసే పాత పద్ధతి కామన్ రైల్‌లో పూర్తిగా బంద్. ఆ ప్రెషర్‌తో చిమ్మే డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది, పైకి సూది పోటంత గాటే కనపడుతుంది, లోపల కండ కుళ్ళిపోయి వేలు తీసేసే పరిస్థితి రావచ్చు. అలా ఎవరికైనా తగిలితే నొప్పి లేకపోయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంజన్ ఆపి, రైల్ ప్రెషర్ సున్నాకి వచ్చిందని స్కానర్‌లో చూసుకున్నాకే పానా పట్టండి.

పీల్చే దారి

ట్యాంక్ నుంచి ఫీడ్ పంప్ (ట్యాంక్‌లోంచి డీజిల్ పీల్చేది) దాకా ఉన్న లైన్లో T ఆకారపు జాయింట్ వేసి వాక్యూమ్ గేజ్ పెట్టాం, గేజ్‌ని క్యాబిన్ బయట అద్దం బ్రాకెట్‌కి కట్టాం, లోపలికి డీజిల్ పైప్ తేకూడదు కాబట్టి. ఘాట్ మొదట్లో ముల్లు 4 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర ఉంది, ఎక్కేకొద్దీ మెల్లిగా పెరుగుతూ 15 దాకా వెళ్ళింది. ముల్లు 10 దాటిన దగ్గర నుంచే స్కానర్‌లో రైల్ ప్రెషర్ జారడం మొదలు. ఇంజన్ ఆపగానే ముల్లు సున్నాకి, మళ్ళీ స్టార్ట్ చేస్తే 4 నుంచి మొదలు. డ్రైవర్ ముల్లు వైపే చూస్తూ "ఇదేనా బాబూ గొంతు నొక్కీసింది" అన్నాడు, సరిగ్గా అదే.

ట్యాంక్ మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే ఉండొచ్చు, అందుకని మూత వదులు చేసి కూడా నడిపాం, మార్పు లేదు. లోపల పొర ఊడి పైప్ పీల్చినప్పుడు ముడుచుకోవడం ఇంకో అవకాశం, అదీ ఆపగానే తెరుచుకోవచ్చు కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేదు. ఆపితే ఊడిపోయి, పీలిస్తే అతుక్కునేది ఏదో ట్యాంక్‌లో తేలుతోందని నా అనుమానం. ట్యాంక్ దించితే ఖర్చు, ఒక రోజు పని పోతుంది కాబట్టి ముందు రుజువు చూపించాలనిపించింది. శుభ్రమైన డీజిల్ క్యాన్లు బాడీ మీద గట్టిగా కట్టి, సప్లై, రిటర్న్ రెండూ క్యాన్‌లోకే ఇచ్చి ఘాట్ ఎక్కించాం. రిటర్న్ ట్యాంక్‌లోకి వదిలేస్తే క్యాన్ చూస్తుండగా ఖాళీ అయిపోతుంది, చాలామంది ఇది మర్చిపోతారు. సుంకి దాకా ముల్లు 4 దాటలేదు, రైల్ ప్రెషర్ 1600 దగ్గర గీత గీసినట్టు నిలబడింది.

ట్యాంక్ దించితే పీల్చే గొట్టం చివర జాలీ చుట్టూ నల్లటి జిగురు, అడుగున డీజిల్ క్యాన్ మూతి మీద ఉండే ప్లాస్టిక్ సీల్ ముక్క, అరచేయంత ఉంటది, జాలీ ఆకారానికి సరిపడా వంగిపోయి ఉంది. ట్యాంక్ మూతి దగ్గర ఉండాల్సిన జల్లెడ ఎప్పుడో చిరిగిపోయింది. దారిలో క్యాన్లతో పోసుకున్నప్పుడు పడి ఉంటది. ట్యాంక్ కడిగి, జల్లెడ కొత్తది వేసి, ఫిల్టర్లు మార్చి బిగించాం. ఘాట్ సమస్య అక్కడితో పోయింది.

గీతలు కలిసినా ఇంజన్ ఒప్పుకోలేదు

ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇది. ఓనర్ సంతోషంగా ఉన్నాడు, కోడ్ లేదు, లాగ్‌లో అడిగినది, ఉన్నది ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కానీ ఐడిల్‌లో ఇంజన్ చప్పుడు మాత్రం కటకటమని గట్టిగా ఉంది, స్టాక్ ఫైల్ మీద ఆ ఇంజన్ అలా ఉండకూడదు. యాక్సిలేటర్ ఒక్కసారి తొక్కితే పొగ కూడా మామూలు కంటే ఎక్కువ.

"ఉన్న ప్రెషర్" అని స్కానర్ చూపించేది ఈసీయూ నమ్ముతున్న ప్రెషర్, రైల్‌లో నిజంగా ఉన్నది కాదు. మధ్యలో సెన్సర్ ఉంది, సెన్సర్ వోల్టేజ్‌ని బార్‌లోకి మార్చే చిన్న టేబుల్ ఉంది. సెన్సర్ మార్చారని ఓనర్ ముందే చెప్పాడు కదా. అదే మోడల్ ఇంకో బండి పక్కన పెట్టి రెండూ ఒకే కూలెంట్ వేడి దగ్గర ఐడిల్‌లో చూస్తే, రెండింట్లోనూ 400 బారే చూపిస్తోంది, మన బండిలో మాత్రం మీటరింగ్ కరెంట్ తక్కువ, అంటే వాల్వ్ ఎక్కువ తెరిచి ఉంది. బయటికి లీక్ లేదు, బ్యాక్ లీక్ బాగుంది, అయినా అదే 400కి ఎక్కువ డీజిల్ తోస్తోందంటే అది 400 కాదన్నమాట.

సెన్సర్ ఒంటి మీద నంబరు చూస్తే 2000 బార్ రకం. ఈ బండికి ఉండాల్సింది 1800ది. థ్రెడ్ అదే, కనెక్టర్ అదే, చూపుకి కవల పిల్లలు. రెండూ సున్నా దగ్గర అర వోల్టు, గరిష్ఠం దగ్గర నాలుగున్నర వోల్టులు ఇస్తాయి. అందుకే కీ ఆన్ చేసి ఇంజన్ ఆపి చూసే పరీక్షలో తప్పు దొరకదు, సున్నా సున్నాగానే కనిపిస్తుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. లెక్క కట్టండి: ఈసీయూ 1600 అనుకోవాలంటే దాని టేబుల్ ప్రకారం 4.06 వోల్టులు రావాలి, 2000 రకం సెన్సర్ 4.06 వోల్టులు ఇచ్చేది రైల్‌లో 1778 బార్ ఉన్నప్పుడు. ప్రతి చోటా నిజం ప్రెషర్ అనుకున్నదానికంటే 11 శాతం ఎక్కువ. ఐడిల్‌లో 400 అనుకుంటే 444. కటకట, పొగ రెండూ అక్కడివే.

ఇప్పుడు రీమ్యాప్ ఫైల్‌ని ఈ సెన్సర్‌తో కలిపి ఆలోచించండి. కోరిక 1750, రైల్‌లో నిజంగా 1944. 1600 కోసం కట్టిన ఇంజెక్టర్లు, పైపులు, లిమిటింగ్ వాల్వ్ మీద అది. ఆ ట్యాంక్‌లో ప్లాస్టిక్ ముక్క అడ్డం పడి ప్రెషర్ పూర్తిగా ఎక్కనివ్వకపోవడం ఒక రకంగా ఆ ఇంజన్‌ని కాపాడింది. ట్యాంక్ మాత్రమే బాగుచేసి రీమ్యాప్ ఫైల్ తిరిగి వేసి పంపించి ఉంటే, ఘాట్ మీద గంటల తరబడి ఆ ప్రెషర్ పూర్తిగా అందేది. అందుకే గీతలు కలిసినంత మాత్రాన బండి అప్పగించలేదు.

సరైన సెన్సర్ తెప్పించి వేశాక ఐడిల్ మెత్తబడింది, మీటరింగ్ కరెంట్ రెండో బండితో సమానంగా వచ్చింది. మళ్ళీ లోడ్ వేసి ఘాట్ ఎక్కిస్తే 1600 నిలబడింది, వాక్యూమ్ ముల్లు కదల్లేదు, ఇంకా వాల్వ్‌లో తెరవడానికి చోటు మిగిలి ఉంది. ఆ మిగిలిన చోటే నేను ఆరోగ్యానికి గుర్తుగా తీసుకుంటా.

రీమ్యాప్ మళ్ళీ వేయమన్నప్పుడు

ఓనర్ అడిగాడు, "ఇప్పుడు అన్నీ బాగయ్యాయి కదండీ, ఆ ఫైల్ కూడా వేసేయండి, డబ్బులు కట్టాను కదా." వెయ్యలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిని తయారీదారు స్పెసిఫికేషన్ నుంచి మార్చడాన్ని కట్టడి చేస్తుంది, పొల్యూషన్ సంగతి సరేసరి. అది పక్కన పెట్టినా, ఈ బండికి ఆ ఫైల్ అవసరం ఏముందో ఆయన ముందు పెట్టాను. ఆయన పోగొట్టుకున్న పికప్ టేబుల్‌లో పోలేదు, ట్యాంక్‌లో పోయింది, అది తిరిగి వచ్చింది. స్టాక్ మీదే ఒకసారి వెళ్ళి రండి, తక్కువైందనిపిస్తే మాట్లాడదాం అన్నాను. వెళ్ళొచ్చాక డ్రైవరే ఫోన్ చేసి "మూడో గేర్లో ఎక్కే చోట నాలుగులో ఎక్కీసింది బాబూ" అన్నాడు, ఓనర్ ఇక ఆ ఊసెత్తలేదు.

ఈ కేసు తర్వాత నా షాపులో రైల్ ప్రెషర్ కంప్లైంట్‌తో వచ్చిన ప్రతి బండికీ వరస ఇలా పెట్టుకున్నాను. ఫైల్ ముట్టుకోకముందే రైల్ సెన్సర్ నంబరు రాసుకోవడం, మార్చినది అని తెలిస్తే అదే మోడల్ బండితో ఐడిల్‌లో మీటరింగ్ కరెంట్ పోల్చడం. లోడ్ మీద అయిదు పారామీటర్ల లాగ్, ఒకటి తక్కువ ఆర్పీఎమ్‌లో, ఒకటి ఎక్కువ ఆర్పీఎమ్‌లో, లోటు ఎటు పెరుగుతోందో చూడటానికి. పీల్చే లైన్లో వాక్యూమ్ గేజ్. ఇవి అయ్యాకే బ్యాక్ లీక్, అది కూడా అయ్యాకే పంప్ మాట. ఎవరైనా మార్చిన ఫైల్ ఉంటే దాన్ని స్టాక్‌తో గడి గడికీ పోల్చి, పక్కపక్క గడుల మధ్య దూకుడు, పై మూలకీ సెన్సర్ హద్దుకీ మధ్య ఖాళీ, డ్యూరేషన్ టేబుల్ చివరి కాలమ్, ఈ మూడూ చూస్తాను. ఓనర్లకి ఒక్కటే చెప్తున్నా: ట్యాంక్ మూతిలో జల్లెడ ఉందో లేదో ఇవాళే వేలు పెట్టి చూసుకోండి, చిరిగిపోతే వెంటనే మార్చండి, క్యాన్‌తో పోసేముందు సీల్ పూర్తిగా పీకి పక్కన పడేయండి. బండి వేరే చోట రిపేర్‌కి ఇస్తే మార్చిన పాత సెన్సర్ అడిగి తెచ్చుకుని డబ్బాలో దాచండి, దాని మీదున్న నంబరు తర్వాత వచ్చే మెకానిక్‌కి చాలా పని తగ్గిస్తుంది.